గద్దన్న ఖాళీ కడుపు

ఎత్తైన భవనాలు కట్టేచోట క్రేన్ నడుపుతాడు కనుక పనివాళ్లంతా అతన్ని గద్దన్న అనేవాళ్లు. పొద్దున ఆరింటికి నూట ఎనభై నిచ్చెన మెట్లెక్కి గాజు గదిలో కూర్చుంటే, మళ్లీ నేల మీద కాలు పెట్టేది సాయంత్రమే. పైన కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, మరుగుదొడ్డి మాత్రం లేదు.

అదే అతని కొంప ముంచింది. రెండేళ్లుగా పెద్దపేగులో వాపు, పుండ్లు. జబ్బు రేగిందంటే రోజుకు పదీ పన్నెండుసార్లు పరుగెత్తాలి, రక్తం పడుతుంది. మందులతో జబ్బు కొంత సర్దుకున్నా భయం సర్దుకోలేదు. మధ్యలో దిగితే కింద పని ఆగిపోతుంది. నాలుగుసార్లు ఆగితే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. అందుకని మహానుభావుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. పనిరోజుల్లో పగలు తిండే మానేశాడు. నీళ్లు కూడా గుక్కెడే. భార్య కట్టిచ్చిన డబ్బా పైన కాకులకు పెట్టి, ఖాళీది ఇంటికి తెచ్చేవాడు.

ఆ పిచ్చితల్లికి ఇదంతా ఏం తెలుసు? డబ్బా ఖాళీ అవుతోంది, మనిషేమో చిక్కి శల్యమవుతున్నాడు. తన వంటే పడటం లేదనుకుంది. ఒక పుస్తకం పెట్టి ఏ రోజు ఏం వండిందో రాసుకుంది. అనుమానమొచ్చిందల్లా కొట్టేసింది: ముందు పాలు, తర్వాత పప్పు, చేప, గుడ్డు. చివరికి మెత్తటి అన్నం, తొక్క తీసి ఉడికించిన బంగాళాదుంప మిగిలాయి.

ఏడాదిలో పద్నాలుగు కిలోలు తగ్గాక, ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే మేడమ్ దగ్గరికి పంపారు. వెంట వచ్చిన భార్య ఇచ్చిన పుస్తకాన్ని ఆవిడ ఆసాంతం చదివింది.

"ఇవన్నీ ఎందుకమ్మా మాన్పించావు? జబ్బు రేగినప్పుడు పీచు, కారం తగ్గించాలి గానీ, బలమిచ్చేవి మానకూడదు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టు. పడలేదని తేలిన దాన్నొక్కదాన్నే ఆపుదాం. ఏది తిన్నాక ఎక్కువైందయ్యా?"

"గుడ్డు మేడమ్. నేనే పెట్టాను," అంది భార్య తప్పు చేసినదానిలా తల వంచుకుని.

పేగులో పుండ్లకన్నా ఆ మాటే అతన్ని ఎక్కువ కోసింది. "ఆ గుడ్డు నేను తినలేదండీ. డబ్బాలోది ఏదీ తినలేదు. కాకులకు వేశాను," అని జరిగిందంతా చెప్పాడు.

భార్య పుస్తకం మూసింది. "ఏడాది నుంచీ నా చేత్తో నేనే నిన్ను చంపుకుంటున్నాననుకున్నాను. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" ఆమె అరిచినా బాగుండేది. అతను ఏడ్చేశాడు.

వరండాలోకి వచ్చి సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. జబ్బు సంగతి, తిండి మానిన సంగతి దాచకుండా చెప్పాడు. ఇకనుంచి రెండుగంటలకోసారి దిగాలి, తినాలి, దొడ్డికి పోవాలి. ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో ఇప్పుడే తేల్చమన్నాడు.

అంతా విని సూపర్‌వైజరు అన్నాడు:

"ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దిగవయ్యా, ఎవరొద్దన్నారు? ఒక్కటి చెప్పు. కింద అరవైమందిమి ఉన్నాం. ఇన్నాళ్లూ కళ్లు తిరిగే ఖాళీ కడుపుతోనేనా మా నెత్తిమీద ఇనుము తిప్పింది?"