కరుణక్క వరండాలో బూజు

పొయ్యి మీద పంచదార నీళ్ళు మరిగే వాసన తగిలితే చాలు, కరుణక్క మీద నాకుండిన కుళ్ళే ఇప్పటికీ ముందు గుర్తొస్తుంది. ఆమె మంచితనం ఆ తర్వాతే.

ఎనభైల మొదట్లో, అమెరికాలో, నార్త్ కరోలినాలో మా పక్కింట్లో ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. నాకు ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగలిగిన లైబ్రరీయే నా కాలేజీ. పూలతేనె తాగే బొటనవేలంత పిట్టలు, హమ్మింగ్‌బర్డ్‌ల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివేశాను. కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్ళు మరిగించి, చల్లార్చి, అవి తాగడానికి ఎర్ర ఫీడర్‌లో పోసి, మార్చి నెలాఖరుకే వేలాడదీశాను. మా వరండా రోజూ దులిపి అద్దంలా ఉంచాను. ఒక్క పిట్టా రాలేదు. పుస్తకం ముట్టని కరుణక్క వరండాకు మాత్రం, అక్కడి ఎర్రపూల తీగ కోసం, రోజూ వచ్చేవి.

"సరళా, తేనెపిట్ట మళ్ళీ వచ్చిందే!" అని కేకేసేది.

"తేనెపిట్ట కాదక్కా, హమ్మింగ్‌బర్డ్. మెక్సికో వైపు నుంచి సముద్రం దాటి వస్తుంది," అన్నాను, పేరైనా నాకే తెలుసన్న గర్వంతో.

"అంత దూరమే! పాపం, ఎంత అలిసిపోయిందో," అంది. ఆ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. దానికీ కుళ్ళుకున్నాను.

ఒకరోజు మా వంటింటి కిటికీలోంచి చూస్తే, ఆడపిట్ట ఒకటి ఆమె వరండా మూలనున్న బూజును ముక్కుతో లాగుతోంది. గూడు అతకడానికి దానికి సాలెపోగులు కావాలి. అదీ చదివిందే. ఆసుపత్రి డ్యూటీల మధ్య కరుణక్కకు బూజు దులిపే తీరిక ఎక్కడిది? మర్నాడు ఆమె వెళ్ళగానే, పొడుగు చీపురుతో ఆమె వరండాలో ఒక్క పోగు మిగలకుండా దులిపేశాను. కాసేపటికి పిట్ట వచ్చింది. ఖాళీ మూల దగ్గర గాలిలో నిలబడి, అటూ ఇటూ వెతికి, వెళ్ళిపోయింది. నాకు సంతోషం వేసింది. అది దాచను.

సాయంత్రం కరుణక్క కేకు పళ్ళెంతో వచ్చింది. "ఈస్టర్ ప్రార్థనకి అందరూ మా ఇంటికే వస్తున్నారు, ఆ బూజు ఎలాగా అని బెంగపడుతున్నాను. నువ్వేగా దులిపింది? బంగారుతల్లివే!"

రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. "ఆ పిట్ట మూలకెళ్ళి ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కుంటోంది సరళా. ఎందుకో నీ పుస్తకాల్లో చూసి చెప్పవూ?"

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. చెప్పడానికి వారం పట్టింది. పిట్టకు బూజెందుకో చెప్పాను, తెలిసే దులిపాననీ చెప్పాను.

"చదువుకున్నది దీనికా వాడావు?" అంది. ఆ తర్వాత, "ఇక మీ ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ వరండాలో చీపురెత్తావో, చూడు!"

మరుసటి ఏప్రిల్‌లో రెండిళ్ళకూ బూజు పట్టింది. పిట్ట వచ్చింది, ఆమె వరండాకే. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. కానీ చీపురు ముట్టుకోలేదు.

ఇప్పుడు మా కోడలు వరండా శుభ్రం చేస్తూ అడుగుతుంది, "అత్తయ్యా, ఈ మూల కూడా దులపనా?"

"అది వదిలెయ్యమ్మా," అంటాను. "అది కరుణక్కది."