మూడు రేకుల ఎత్తు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొస్తుంది. తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పుకుని బతికినదాన్ని. ఫలానా చింతచెట్టు మీద ఏదో కూర్చుందని ఎవరైనా అంటే, దాని బరువెంతో కనుక్కుని రమ్మనే రకాన్ని. ఈ మాట ముందే చెప్పుకోకపోతే, కింద రాసింది చదివి నా గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు.

ఇది 2005, 2006 ప్రాంతంలో సంగతి. మా పెదనాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై, గుండుగొలను దగ్గర పల్లెలో ఉండేవారు. ఆ ఊరి చర్చి క్వాయర్‌లో బేస్ గిటారు ఆయనదే. నాకు నేర్పిందీ ఆయనే. ఆడపిల్లకి ఇదేమిటని సంఘంలో ఎవరో సణిగితే, "వేళ్ళున్నాయి కదండీ, ఇంకేం కావాలండీ?" అన్నారట.

శనివారం స్కూలు వదలగానే బస్సెక్కేదాన్ని. దారి పొడుగునా చేపల చెరువుల మీంచి తవుడు వాసన. ఇంటికెళ్ళేసరికి పెద్దమ్మ కొర్రమీను పులుసు దించుతూ ఉండేది. తిన్నాక చర్చిలో ప్రాక్టీసు. అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు మళ్ళీ రాలేదు. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ ఆ శనివారాల మీద బెంగే.

గిటారు అడుగున తీగలు ఆనే ఇనప పట్టీని బ్రిడ్జి అంటారు. అందులో ఒక్కో తీగకి ఒక చిన్న దిమ్మ, దిమ్మకి రెండు బుల్లి స్క్రూలు. అవి తిప్పితే తీగ పైకి లేస్తుంది, లేదా కిందికి దిగుతుంది. దిగితే నొక్కడం సుళువు. లేస్తే వేళ్ళు కాయలు కాస్తాయి.

పెదనాన్న తీగల్ని బాగా ఎత్తులో ఉంచేవారు. దానికి ఆయన కొలత ఆయనకుంది. డిపోలో ఇంజను వాల్వుల సందు కొలిచే గేజు రేకులు తెచ్చి గిటారు సంచిలో పడేసుకున్నారు. వేళ్ళతో తీగలు నొక్కే పొడుగు మెడకి సగంలో, లావు తీగ కింద మూడు రేకులు కలిపి పెడితే సరిగ్గా దూరాలి. అలా బిగించాక, స్క్రూ మీంచి దిమ్మ మీదకి ఒక రంగు గీత గీసేవారు. స్క్రూ ఎవరు కదిపినా గీత విరిగి తెలిసిపోతుంది. బోల్టులకి పెయింటు పెట్టే డిపో అలవాటు అది. పెయింటు లేక నా గోళ్ళరంగు సీసా అడిగారు. నేను ఆ రంగు వేసుకుని ఆరాధనకొస్తే మండిపడే మనిషి, నాలుగు తీగల ఎనిమిది స్క్రూలకీ ముచ్చటగా వేసుకున్నారు.

ఒక వానాకాలం స్కూలు గేటు మధ్య నా ఎడమచేతి ఉంగరపు వేలు నలిగిపోయింది. కుట్లు విప్పాక చూస్తే వేలు వంగుతోంది గానీ బలం లేదు. తీగ నొక్కితే ప్రాణం పోయేది. కాస్త దించమని పెదనాన్నని అడిగాను, క్వాయర్ అందరి ముందూ.

"దించనమ్మా. ఈ ఎత్తులో నొక్కితేనే ఆ వేలు మళ్ళీ దారికొస్తాది. దించేవంటే దానికి బద్ధకం పట్టుకుంటాది" అన్నారు.

"నా వేలి కన్నా మీకు మీ తీగలే ఎక్కువండీ" అని గిటారు కింద పెట్టి వచ్చేశాను.

నాలుగు నెలలు ఆ ఊరి బస్సెక్కలేదు. ఆయన రెండుసార్లు కబురు పెట్టారు. పలకలేదు. మూడో కబురు ఆయన గుండెపోటుతో పోయారని.

కొన్ని వారాల తర్వాత, ఒక గురువారం ఉదయం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన పోయాక ఆదివారాలు బేస్ వాయిస్తున్న క్వాయర్ కుర్రాడు సుధాకర్ ఆ రోజు గిటారు నా చేతిలో పెట్టాడు. "మొన్నాదివారం కూడా నా వేళ్ళు బొబ్బలెక్కేయండి, మీరే వాయించాలండి" అన్నాడు. వద్దనలేకపోయాను. మొదటి పాటకే నా వేలు చేతులెత్తేస్తుందని, ఆయన కూడిక పాడుచేసేది నేనేనని భయం.

తీగ నొక్కాను. మెత్తగా దిగింది.

ఐదు పాటలు వాయించాను. ఆ వేలికి చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. తీగ మరీ కిందికి దిగితే మెడకి తగిలి బుస్సుమనే చప్పుడొస్తుంది, అదీ లేదు.

ప్రార్థనయ్యాక సంచిలోంచి రేకులు తీసి పెట్టి చూశాను. మూడు కాదు, రెండే దూరాయి. సుధాకర్ చేత కూడా పెట్టించాను. రెండే. ఎనిమిది గీతల్నీ వెలుతుర్లోకి తెచ్చి చూశాం. ఒక్కటీ విరగలేదు. గీతల మీద పాత దుమ్ము కూడా అలాగే ఉంది. చర్చి తాళం చెవి పాస్టరు గారి దగ్గరే ఉంటుంది. ఆదివారం వేసిన తాళం ఆ ఉదయమే తీశానన్నారాయన.

కొల్లేటి చెమ్మకి గిటారు మెడ వంగి తీగల ఎత్తు మారుతుందని నాకూ తెలుసు. అదే అయ్యుంటుందని సరిపెట్టుకుని గిటారుని చర్చి బీరువాలో పెట్టించాను.

ఆ ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళి బీరువా నేనే తీయించాను. రేకులు పెట్టాను. మూడూ దూరాయి, ఎప్పటిలాగే బిగుతుగా. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ఎత్తులోనే వాయించాను. రెండో పాటకే వేలు మంటెత్తిపోయింది.

తర్వాత గిటారు ఏలూరు తీసుకెళ్ళి, వాయిద్యాలు బాగుచేసే ఆయనకి చూపించాను. మెడ తిన్నగా ఉందన్నారు. స్క్రూలు తిప్పబోతే ఒక్కటీ కదల్లేదు. "తుప్పు పట్టి కరుచుకుపోయేయండీ. ఇవి కదిలి ఏళ్ళయ్యుంటాదండీ" అన్నారు.

నా బుర్రకి తట్టిన కారణాలన్నీ వరసగా వేసి చూసుకున్నాను. ఏదీ నిలబడలేదు. ఇన్నేళ్ళయినా నాకిది అంతుపట్టలేదు.

ఈ సంగతి పెద్దమ్మ ఒక్కదానికే చెప్పాను. వంటింట్లో చేప తోముతోంది. చేతులాపి అంతా విన్నది.

"నాతో కాపరం చేసినన్నాళ్ళూ ఆ మనిషి పట్టిన పట్టు ఒక్కనాడూ వదల్లేదే అమ్మాయ్. నీకోసం ఒక పూట వదిలేరన్నమాట" అంది.

ఆయన పోయినరోజు నాకు ఏడుపు రాలేదు. ఆ వంటింట్లో, చేప పొలుసుల మధ్య కూర్చుని, అప్పుడు ఏడిచాను.