చెంబెడు నీళ్ల బరువు

సాయంత్రం బరువు చూసుకుంటే పొద్దుటికంటే కిలో ఎక్కువుంది. తిన్న తిండి, తాగిన నీళ్లు. తెల్లారేసరికి పోతుంది.

నా చిన్నప్పుడు గద్వాలలో నాన్న చీరలు నేసేవాడు. తడి నూలు ఎక్కువ తూగుతుందని మగ్గమున్న ఇంట్లో పిల్లలకూ తెలుసు. అమ్మకు క్షయ. బరువు పెరిగితే నయమైనట్టేనని దవాఖానలో నర్సమ్మ చెప్పింది. అందుకే అమ్మను సాయంత్రమే తీసుకుపోయి, కాంటా ఎక్కేముందు చెంబెడు నీళ్లు తాగించేదాన్ని.

“కిలో పెరిగినవమ్మా. మందులు పనిచేస్తున్నయ్,” అన్నది నర్సమ్మ ఒకరోజు.

ఇంటికొచ్చి నాన్నకు నీళ్ల సంగతి కూడా గొప్పగా చెప్పాను. ఆయన మగ్గం ఆపలేదు.

“తడి చీర తూకం చెల్లదు బిడ్డా. ఆరినంకనే తూస్తరు.”

నీళ్లతో నయం కాదని అమ్మకూ తెలుసు. అయినా ప్రతిసారీ చెంబు ఖాళీ చేసి నా చేతికిచ్చేది.