అక్క ఎంచిన గాలి మిషను

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటే మా అక్క కూతురు మూడు బొమ్మలు పంపి ఉంది. మూడూ కారు టైర్లకు గాలి పట్టే మిషన్లు. ఒకటి పలక మాదిరి నల్లగా ఉంది, ఒకటి నీళ్ల సీసా మాదిరి సన్నగా ఉంది, ఇంకోటి చిన్న కుక్కరంత లావుంది. వాటి కింద తన గొంతు రికార్డు చేసి పెట్టింది: "మామా, పిల్లోల్ని తీసుకొని కారులో మంగళూరు పక్క పోతాండాము. వీటిలో యాది తీసుకోవాల? నీకు తెలిసినంత మాకు తెలీదు కదా." నాకు నవ్వొచ్చింది. బతుకంతా బడిలో పిల్లలకు కన్నడ అక్షరాలు దిద్దించినవాణ్ని. అరవై దగ్గర పడేదాకా టైరుకు గాలి ఏ పక్కనుంచి ఎక్కిస్తారో కూడా ఎరగనివాణ్ని. అలాంటి నేను ఇప్పుడు మా వంశానికి గాలి మిషన్ల పండితుణ్ని. "వైరు వెనక చక్రం దాకా అందుతుందో లేదో చూసుకో. కొన్నాక బయలుదేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి ఆడించి చూడు" అని రాసి పంపేశాను. ఆ పిల్లకు కావాల్సింది అంతే. మిగిలింది ఫోనులో రాసే సంగతి కాదు.

మేము పుట్టింది పావగడ పక్క మంగళవాడలో; ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. అమ్మ చేనికి పోతే నన్ను చంకనేసుకొని తిరిగింది అక్కే గనక, నా మీసం నెరిసి, పింఛను పుచ్చుకునే వయసొచ్చినా ఆమె లెక్కలో నేను చంక దిగనే లేదు. ఆమెను బలసముద్రానికి ఇచ్చారు. బావ మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో మాట్లాడవలసిన మాటలన్నీ అక్కే మాట్లాడేది. వానొస్తే శెనక్కాయ పంట, రాకపోతే గొర్రెల మంద, అదీ వాళ్ల బతుకు. తర్వాత సోలారు వచ్చింది. చుట్టుపక్కల చేలన్నీ కౌలుకు పోయినట్టే వాళ్లదీ పోయింది. చూపు ఆనినంత దూరం నీలం పలకలు పరుచుకున్నాక మేపుకు చోటు లేక మందను అమ్మేశారు. కౌలు ఏడాదికోసారి చేతికొచ్చేది గానీ పొద్దు గడిచేది కాదు. అక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. పలకల కింద మొలిచే గడ్డి కోసే కూలికి చేరింది. "ఈడే రా మన చేను ఉండె. ఇప్పుడు ఈడికి రావాలంటే గేటుకాడ పేరు చెప్పాల" అనేది. అందులో బాధ ఉందో, వేళాకోళం ఉందో చెప్పడం కష్టం. ఆమె మాటల్లో ఆ రెండూ కలిసే ఉండేవి.

జబ్బు ఎందుకొచ్చిందో మాకు సరిగా తెలియదు. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగిన మాత్రలన్నారు కొందరు, మా సీమ నీళ్లన్నారు కొందరు. ఏదైతేనేం, అక్క కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి తుమకూరు పోయి, మంచం మీద నాలుగు గంటలు పడుకొని, రక్తాన్ని మిషన్లో కడిగించుకొని రావాలి. తాగే నీళ్లకు కూడా కొలత పెట్టారు. చిన్నప్పుడు బిందెడు నీళ్లకు మైలు దూరం నడిచిన మనిషి ఆమె. తీరా కొళాయి వాకిట్లోకి వచ్చాక నీళ్లు తాగొద్దన్నారు. ఆ డాక్టరు గదిలోంచి బయటికొస్తూ, "శెనక్కాయలూ తినొద్దంటాడు, నీళ్లూ తాగొద్దంటాడు. ఈయప్పది యా ఊరో కనుక్కోరా" అంది నాతో. బావ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అక్క చూడనట్టే నడిచింది.

బస్సులో పోయి రావడం ఆమె ఒంటికి పడలేదు. బావ కౌలు డబ్బుతో ఒక పాత చిన్న కారు కొన్నాడు. ఆయనకు షుగరు వల్ల చూపు మందం. వాళ్లకున్నది ఒక్క కూతురు, అది బెంగళూరులో ఉద్యోగం. అందుకని నేను పావగడలో డ్రైవింగు నేర్చుకున్నాను. నేర్పినతను ఒకప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దినవాడే. నన్ను కసరలేక, నవ్వలేక అతను పడిన అవస్థ చెప్పుకుంటే అదొక కథ అవుతుంది. నేను తోలుతుంటే అక్క ముందు సీట్లో కూర్చొని, "ఎద్దుల బండి మనల్ని దాటిపోయిందిరా, చూసుకున్నావా?" అనేది. బావ వెనక సీట్లో అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకొని, దేవుడి విగ్రహంలా కదలకుండా కూర్చునేవాడు.

ఒక మంగళవారం తెల్లవారుజామున పావగడ దాటి మిడిగేశి ఇంకా రాకముందే బండి ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ఎడమ పక్క వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉంది. స్టెప్నీ ఉంది కదా అని ధైర్యంగా డిక్కీ తెరిచాను. దానిలోనూ గాలి లేదు. కారు కొన్ననాటి నుంచి దాని ముఖం చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆ వేళకు పంక్చరు అంగడి ఒక్కటీ తెరవలేదు. అక్క పాదాలు వాచి, ఊపిరి అందక, డోరు పట్టుకొని కూర్చుంది. చాలా బండ్లు పోయాయి. చివరికి కూరగాయల వ్యాను తోలే ఒకాయన ఆపి, అక్కనూ బావనూ తన పక్కన ఎక్కించుకొని మధుగిరిలో దించాడు. అక్కణ్నుంచి వాళ్లు బస్సు పట్టుకొని పోయేసరికి అక్క వంతు దాటిపోయింది, ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. నేను టైరు బాగు చేయించుకొని చేరేటప్పటికి ఆమె వరండాలో బల్ల మీద కూర్చొని ఉంది. ముఖం ఉబ్బి, కళ్లు చీలికల్లా ఉన్నాయి. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "ఏమన్నా తిన్నావా?"

పాత కారు రిమ్ము తుప్పు పట్టిందనీ, గాలి కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుందనీ పంక్చరు వేసినాయన చెప్పాడు. ఇక గాలి పట్టే మిషను ఒకటి కొని బండిలో పెట్టుకోవలసిందే అనుకున్నాం. తర్వాతి శుక్రవారం అక్క రక్తం కడిగే మిషను మీద ఉండగా నేను తుమకూరు బజారుకు పోయి, అంగడిలో ఉన్నవన్నీ ఫోనులో ఫోటో తీసుకొచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. కాలితో తొక్కేది ఒకటి, ముందే ఛార్జింగు పెట్టుకొని వాడేది ఒకటి, కారులో సిగరెట్టు ముట్టించుకునే చోట గుచ్చేది ఒకటి, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది ఒకటి. పక్క మంచం మీద శిరా వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరు ఉండేవాడు. గడ్డం, గట్టి గొంతు, చేతికి రెండు ట్యూబులు. ఆ మాట చెవిన పడగానే అతను తల తిప్పాడు.

"తొక్కేది వద్దు సార్. మీ వయసుకు టైరు నిండేలోగా మిమ్మల్నే ఈడ పడుకోబెట్టాల."

"ఛార్జింగుదైతే?" అన్నాను.

"ఛార్జింగు పెట్టేది ఎవరు? వీడా?" అంది అక్క. "వీడు ఫోనుకే పెట్టడు. వద్దు."

"అట్లయితే సిగరెట్టు బొక్కలో గుచ్చేది తీసుకోండక్కా. తేలిగ్గా ఉంటాది."

అక్క బావ వైపు చూసింది. బావ కిటికీ వైపు చూశాడు. "ఆ బొక్క పని చెయ్యదప్పా. కారు కొన్న దినం నుంచీ ఈయన దాంట్లో ఊదుబత్తులు గుచ్చుతాండాడు. అంతా బూడిదే" అంది.

ఆ గదిలో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు. ఎదురు మంచం మీది ముసలాయన నవ్వలేక దగ్గాడు. నర్సమ్మ కన్నడంలో కోప్పడుతూ వచ్చి, సంగతి విని, తనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు మాత్రం నవ్వుతూనే అసలు పని వదల్లేదు. క్లిప్పులదే గట్టిదన్నాడు. బరువైనా రేకు ఒంటిది తీసుకోమన్నాడు, ప్లాస్టిక్కుది వేడెక్కితే కరుగుతుందట. వైరూ గొట్టమూ కలిపి వెనక చక్రం దాకా రావాలన్నాడు. అంగడిలోనే ఒకసారి ఆడించి చూపించమనమన్నాడు. అన్నీ విని అక్క, "అంకె పెద్దగా కనపడేది తేరా. లైటు కూడా ఉండాల" అంది. ఆమెకు చదువు రాదు గానీ బస్సు నంబర్లు చూసి చూసి అంకెలు వచ్చాయి. అలా, కుక్కరంత లావుది, ముఖం మీద ఎర్ర అంకెలు వెలిగేది ఒకటి మా బండిలోకి వచ్చింది.

వచ్చాక అది అక్క సొత్తయింది. బయలుదేరే ముందు ఒకసారి, దారిలో ఒకసారి గాలి చూడాల్సిందే. ఆ గాలి దిగే చక్రం సరిగ్గా ఆమె డోరు వెనకే ఉండేది. నేను బానెట్ ఎత్తి క్లిప్పులు తగిలిస్తే, ఆమె డోరు తెరుచుకొని కాళ్లు బయటికి పెట్టి, మిషను మీద కన్ను వేసేది. అది పిండి మిల్లులా రొద చేసేది, నేల మీద ఎగిరెగిరి పడేది. "ఇరవై నాలుగు... ఇరవై ఎనిమిది... ఉండు ఉండు... ముప్పై రెండు, ఆపు!" అని అరిచేది. జబ్బు పడినప్పటి నుంచి ఆమెను మేమే ఎక్కించి, మేమే దించి, పట్టుకొని నడిపిస్తున్నాం. ఎవరికైనా తాను అవసరమైన పని అంటూ ఒకటి లేకుండా పోయింది. ఇప్పుడు వారానికి రెండు దినాలు, తెల్లారే వేళలో, ఆమె ఆపమంటే ఆగే పని ఒకటి దొరికింది. అంతటితో ఊరుకోలేదు. దారి పక్కన ఏ బండి నిలిచినా ఆపమనేది. గాలి పోయిన మోటారు సైకిళ్లు, ట్రాక్టర్ల ట్రెయిలర్లు, శనివారం గుడికని ముందునాడే బయలుదేరిన యాత్రికుల బండ్లు ఎన్నింటికి పట్టామో. "బిన్నా పట్టించప్పా, పనులుండాయి వాళ్లకు" అనేది, తనకేమీ తొందర లేనట్టు.

రెండో ఏడు వానలు ముగిసే కాలంలో ఒక శుక్రవారం పోయేసరికి డ్రైవరు మంచం మీద కొత్తాయన ఉన్నాడు. ఎవరమూ అడగలేదు. ఆ గదిలో ఎవరూ అడగరు. అక్క నాలుగు గంటలూ కళ్లు మూసుకొని పడుకుంది. తిరుగు దారిలో కొరటగెరె దాటాక, "ఆయప్పకు పిల్లలు ఉండారా?" అంది. "ఇద్దరని చెప్పినట్టు గుర్తు" అన్నాను. ఆ దినం టైరుకు గాలి కూడా చూడలేదు.

చలికాలానికి ఆమె చేతిలో రక్తం కడిగే మిషను కోసం చేసిన నరం మూసుకుపోయింది. మెడ దగ్గర ట్యూబు వేశారు. జ్వరం వచ్చేది, పోయేది. చివరిసారి పోయిన శుక్రవారం ఆమెకు దుప్పటి కప్పి కూర్చోబెట్టాం. మిడిగేశి దాటాక, గొర్రెలను వేసుకొని మధుగిరి సంతకు పోయే సరుకుల ఆటో ఒకటి, ముందు చక్రం గాలి దిగి నిలిచి ఉంది. నేను చూసీ వేగం తగ్గించలేదు. "ఆపు" అంది అక్క. వెనక నుంచి బావ, "వద్దులేప్పా, పోనీ" అన్నాడు. ఆయన అలా అడ్డం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

"ఆ పొద్దు కూరగాయల బండాయప్ప ఇట్లనే అనుకొని పోయింటే?" అంది అక్క. గొంతు పైకి రాలేదు గానీ మాట గట్టిగానే ఉంది.

ఆపాను. ఆమె దిగలేదు గనక, ఆటో పక్కనే ఆనించి నిలిపాను. నేను గాలి పట్టేలోపల ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి, కటాంజనం సందుల్లోంచి ఒక గొర్రె గడ్డం పట్టుకుంది. బొటనవేలితో పెదవి ఎత్తి చూసింది. "రెండు పళ్లదే కదప్పా ఇది. ఇంకా ఎన్ని ఈతలు ఈనాల. అప్పుడే అమ్మేస్తాండావా?"

ఆటో ఆయన తల గోక్కున్నాడు. "యాడ మేపేది తల్లీ? ఉండేదానికి నీడ ఉండాది, మేపు లేదు." కారులోకి తొంగి చూసి, "మీరు యాడికి పోతాండారు?" అని అడిగాడు.

"తుమకూరికి. పనుండాది" అంది అక్క.

అక్కణ్నుంచి ఆసుపత్రి దాకా గొర్రెను పట్టుకున్న ఆ చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకొని కూర్చుంది. మధ్యమధ్య ముక్కు దగ్గరికి తీసుకునేది. బీపీ చూడ్డానికి నర్సమ్మ ఆ చేతిని తుడవబోతే, "ఇది వద్దమ్మా, ఆ చెయ్యి చూడు" అంది. ఆ సాయంత్రం వణుకు పట్టింది. ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. కూతురు బెంగళూరు నుంచి వచ్చి పక్కన కూర్చుంది. ఆదివారం పొద్దున, బావ ఆమె కాళ్లు ఒత్తుతుండగా పోయింది. పోయిన సంగతి ఆయన చూపుకు ఆనక ఇంకా ఒత్తుతూనే ఉన్నాడు. నేను వెళ్లి ఆయన చేతులు పట్టుకోవలసి వచ్చింది.

కార్యాలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్లిపోయాక, ఒకనాడు చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. పడుకోలేక బలసముద్రం పోయాను. బావ అప్పటికే స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకొని, మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. దూరంగా పలకల మీద వెలుగు పడుతోంది.

"ఈ పొద్దు మంగళవారమే కదప్పా?" అన్నాడు.

"మంగళవారమే బావా."

"మరి ఏం చేద్దాము?"

పక్కన కూర్చున్నాను. ఆ రెండేళ్లూ వారానికి రెండే దినాలున్నట్టు బతికాం. మిగిలిన ఐదూ ఆ రెండింటికి సిద్ధమవడంలోనే కరిగిపోయేవి. ఇప్పుడు ఏడు దినాలూ మాకు తిరిగి వచ్చాయి. ముసలివాళ్లమిద్దరం వాటిని ఒక్కొక్కటిగా పొద్దుగూకే దాకా మోసి దించుతున్నాం.