మిషను కంటికి చందనం

పొద్దున మిషను నడిపే ముందు మునియక్క దానికి బొట్టు పెట్టేది. తిరువొత్తియూరులో ఇనుప రేకులు నొక్కి కారు భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆమెకు పని. బొట్టు పెట్టి, చేతులు రెండూ కళ్ళకద్దుకుని, "తల్లీ, నా చేతులు నాకిచ్చి ఇంటికి పంపు" అని మెల్లగా అనేది.

పక్క మిషను దగ్గర ఉండే రాసాత్తి నవ్వేది. "నా చేతులు కూడా అడుగక్కా. నాకు పుణ్యం తక్కువ, నోరు ఎక్కువ."

మునియక్క రోజూ రాసాత్తి చేతులు కూడా అడిగేది.

అక్కడి పాత ప్రెస్సు చాలామంది వేళ్ళు తినింది. అందుకే యజమాని జయరామన్ కంప్యూటరు ప్రోగ్రాంతో నడిచే కొత్త ప్రెస్సు తెప్పించాడు. దాని నోటికి రెండు పక్కలా పసుపు రంగు స్తంభాలు, వాటికి నిలువునా గాజు పలకలు. ఒక గాజు నుంచి ఇంకో గాజుకు కంటికి కనిపించని వెలుగు పోతూ ఉంటుంది. నడుమ చెయ్యి అడ్డొస్తే, పైనుంచి దిగే ఇనుప దిమ్మె ఆగిపోతుంది. మిషన్లు చూసుకునే ప్రభాకరన్ అందరినీ పిలిచి చూపించాడు.

"ఇది మిషనుకు కన్ను అక్కా. నువ్వు పరాకుగా ఉన్నా ఇది నిన్ను చూస్తానే ఉంటాది."

ఆ మాట మునియక్క మనసులో నిలిచిపోయింది. కొత్త మిషనుకు తొలి శుక్రవారం. ఇంట్లో చందనం అరగదీసి, చిన్న గిన్నెలో తెచ్చింది. చేతులను కాపాడే కన్ను అది. దానికి కాక ఇంకెక్కడ పెట్టాలి? గాజు మీద, కింది వైపున, రూపాయి బిళ్ళంత చందనం, దాని నడుమ కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది.

మిషను కదల్లేదు. ఆ చందనాన్ని అది చెయ్యి అనుకుంది.

"సాయంత్రం లారీ పోవాల. ఏమైందప్పా దీనికి?" అని జయరామన్ అరిచాడు. ప్రభాకరన్ పరుగున వచ్చి ల్యాప్‌టాప్ తగిలించాడు. ఏదో అడ్డం ఉన్నట్టు అందులో చూపిస్తోంది. మిషను నోట్లో ఏమీ లేదు. కన్నే చెడిపోయిందనుకుని, వెలుగు దారి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే ప్రోగ్రాంలో మార్చేశాడు. లారీ పోయినాక సరిచేయవచ్చులే అనుకున్నాడు. మునియక్కకు ఆ సంగతి చెప్పలేదు. మిషను నడిచింది.

భోజనాల వేళకు ముందు ఒక రేకు దిమ్మె కింది అచ్చులో ఇరుక్కుంది. కన్ను ఉందన్న ధైర్యంతో మునియక్క కుడి చెయ్యి లోపలికి పెట్టింది. దిమ్మె దిగింది.

ఎముకలు నలిగిన చప్పుడు షెడ్డు చివరిదాకా వినిపించింది. దిమ్మె పైకి లేచేసరికి అచ్చు నిండా నెత్తురు. మూడు వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. మునియక్క చెయ్యి ఎత్తి చూసుకుంది. నెత్తురు మోచేతి దాకా కారి చీర తడిపింది. అప్పుడు కూలిపోయింది.

రాసాత్తి తన కొంగు చించి ఆమె మణికట్టుకు బిగించి కట్టింది. ఫ్యాక్టరీ ముందున్న టీ కొట్టతను అడక్కముందే ఐసు తెచ్చిచ్చాడు. ప్రభాకరన్ అచ్చులోంచి వేళ్ళు ఒక్కొక్కటే ఏరి కవరులో చుట్టాడు. అప్పుడు కనిపించింది అతనికి, గాజు మీద ఎండిన చందనం.

పెద్దాసుపత్రి వరండాలో మునియక్క మొగుడు ముత్తురాజ్ కాచుకొని ఉన్నాడు. రాయపురం హార్బరులో చేపల గంపలు మోసే మనిషి.

"కన్ను ఉందంటివే. దిమ్మె ఎట్లా దిగిందిరా?" అని ప్రభాకరన్‌ను పట్టుకున్నాడు.

"నేనే ప్రోగ్రాంలో ఆపేసినా అన్నా."

మొదటి దెబ్బకు ప్రభాకరన్ పెదవి చిట్లింది. రెండో దెబ్బకు ముక్కు పగిలింది. కింద పడినవాణ్ణి కడుపులో తన్నాడు ముత్తురాజ్. మెడ పట్టి మెట్ల దాకా ఈడ్చాడు.

"ఏ చేత్తో ఆపినావు? పెట్టు ఈడ."

ప్రభాకరన్ కుడి చెయ్యి మెట్టు మీద పెట్టాడు. ముత్తురాజ్ మెట్ల పక్కనున్న ఇటుక ఎత్తాడు. ప్రభాకరన్ చెయ్యి లాక్కోలేదు.

అదే వేళకు మునియక్కను ఆపరేషనుకు తోసుకుపోతున్నారు. ఆమె అడిగితే నర్సు బండి ఆపింది. పక్కన రాసాత్తి.

"ఇటుక దించు మామా" అంది మునియక్క.

"నీకు తెలీదు. కన్ను మూసింది వీడే."

మునియక్క ప్రభాకరన్ వైపు తిరిగింది. "ఎందుకు మూసినావు తంబీ?"

అతను నెత్తురు ఉమ్మి, "గాజు మీద ఏదో మురికి పడినాది అక్కా" అన్నాడు.

పొద్దున తాను గాజు మీద పెట్టిన బొట్టు ఆమెకు గుర్తొచ్చింది. "మురికి కాదు. నా చందనం. అంతేనా?"

అతను తల దించుకున్నాడు. ఇటుక ఇంకా పైనే ఉంది.

"తంబి చెయ్యి నలగ్గొడితే ఆ కన్ను ఎవరు తెరుస్తారు మామా? రేపు ఆడ రాసాత్తి కూర్చోవాల."

ముత్తురాజ్ రాసాత్తి చేతులు చూశాడు. ఇటుక మెట్ల పక్కకు పడేసి, గోడకు ముఖం పెట్టి ఏడ్చాడు. నర్సు ఎవరూ చెప్పకుండానే దూది తెచ్చి ప్రభాకరన్ పెదవికి అద్దింది.

"తంబీ, నాకొక సాయం చెయ్యి" అంది మునియక్క. "పొద్దున నా బదులు నువ్వు బొట్టు పెట్టు. గాజు మీద వద్దు, పక్కన ఇనుము మీద. పెట్టినాక ఒక కట్టె లోపలికి దూర్చి చూడు. దిమ్మె ఆగితేనే రాసాత్తిని కూర్చోనియ్యి. రోజూ చెయ్యాల."