పేగా, పొట్టా

ఆసుపత్రి కాటా నన్ను తూచలేకపోయింది. ముల్లు చివరికంటా వెళ్ళి ఆగిపోయింది. కాంపౌండరు మొహమాటపడుతూ, "బెల్లం కొట్లో తూయించుకు రండమ్మా" అన్నాడు. చోడవరంలో బెల్లం దిమ్మలు తూచే పెద్ద కాటా మీద, కళాసీలు చూస్తూ ఉండగా ఎక్కి నిలబడ్డాను. నూట ఇరవై రెండు కిలోలు.

డెబ్బైల మధ్యలో సంగతి. నాకు ముప్పై ఆరేళ్ళు. ఆడపిల్లల బడిలో కుట్లు నేర్పేదాన్ని. మోకాళ్ళ నొప్పులు సరే, వేలాడే పొట్ట మడత కింద చర్మం ఒరుసుకుపోయి వేసవంతా పుండ్లు. ఉలవకషాయం తాగేను, శనివారాలు ఉపవాసాలున్నాను. నాలుగు కిలోలు తగ్గడం, ఆరు కిలోలు పెరగడం. చివరికి మా ఊరి డాక్టరే, విశాఖపట్నంలో బరువు తగ్గడానికి కూడా ఆపరేషన్ చేస్తామంటున్నారని చెప్పి చీటీ రాసిచ్చేడు.

అప్ప అని పిలిచే మా అక్కని తోడు తీసుకుని పొద్దుటి బస్సెక్కేను. ఆ సర్జను ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. కాగితం మీద పేగు బొమ్మ వేసేడు.

"చిన్నపేగులో చాలా భాగం పక్కకి తప్పించి, ఈ కొసని ఈ కొసకి కలిపేస్తామమ్మా. తిన్నది ఒంటికి పట్టదు. మీరే తగ్గిపోతారు."

"ఎంతమందికి చేసేరు బాబూ?" అంది అప్ప.

"అక్కడ చేస్తుంటే చూసేను. ఇక్కడ ఈవిడే మొదలు."

అబద్ధం చెప్పలేదని నాకు ఆయన నచ్చేడు. అప్ప మాత్రం నన్ను లేవదీసి, తనకి గర్భసంచి ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ బొమ్మ చూసి కళ్ళజోడు తీసేసింది.

"ఇది చేయించుకుంటే రోజుకి పదిసార్లు విరోచనాలవుతాయి. నీరసం, ఒంట్లో ఉప్పు పడిపోవడం. నువ్వు పనిచేసే బళ్ళో మరుగుదొడ్డి ఉందా?"

బడి వెనక ఒకటుంది. తలుపుకి గడియ లేదు, నీళ్ళు నూతి దగ్గర్నుంచి మోసుకోవాలి.

"నేనైతే ఆ వేలాడే మడత కోసి తీసేస్తాను. పుండ్లు పోతాయి. బరువు మాత్రం నా కత్తికి తగ్గేది కాదు, ముందే చెప్తున్నాను."

తిరుగు బస్సులో అప్పని అడిగేను. "నువ్వైతే ఏటి చేద్దువే?"

"నాకేటి తెలుసే? కోసేది నీ పొట్టే గదా."

మా ఇంటాయన కూడా "నీ ఒళ్ళు, నీ ఇష్టం" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ ఎవరో ఒకరు ఇది చెయ్యి అని గట్టిగా చెప్తే బావుణ్ణనిపించింది. వారం రోజులు ఆ బొమ్మని చీరల మడతల్లోంచి తీసి చూడడం, మళ్ళీ పెట్టడం. సన్నబడాలనే ఉండేది. కానీ నలభైమంది పిల్లల్ని క్లాసులో వదిలి, పదిసార్లు ఆ గడియలేని తలుపు వైపు పరిగెత్తే ఓపిక నాలో లేదు. డాక్టరమ్మకి కబురు పెట్టేను.

మడత కోసి తీసేసేక కుట్లు చీము పట్టేయి. పదిరోజులనుకున్నది ఆరువారాలు మంచం మీదున్నాను. అప్ప రోజూ గాజుగుడ్డ మార్చి, గుమ్మడిపండులా ఉండేదానివి, గుమ్మడిబద్దవైపోయేవంటూ ఏడిపించేది. నవ్వితే కుట్లు లాగేవి.

రెండేళ్ళకి పోయిన బరువంతా తిరిగొచ్చింది. పుండ్లు మాత్రం రాలేదు. ఆ ఇంగ్లండు డాక్టరు పేగు ఆపరేషన్ మాటే ఎత్తడం లేదని తర్వాత విన్నాను. తప్పించుకున్నానన్న సంతోషమేమీ కలగలేదు. వేసవిలో కూడా కుచ్చిళ్ళు గట్టిగా దోపుకుని బడికి నడవగలిగేను, అంతే.

"ఆపరేషన్ సేయించుకున్నారు గదా, తగ్గలేదేటి మేస్టారమ్మా?" అని దారిలో అడిగేవారు. మొదట్లో నిలబడి అంతా వివరంగా చెప్పేదాన్ని. పోనుపోను "తగ్గలేదమ్మా" అనేసి ముందుకి నడిచేదాన్ని.