నా గొంతు

విదేశంలో, సార్నియా ఊళ్ళో చదువుకునే రోజుల్లో, బస్సు కోసం వేచి ఉన్న గదిలో నా పక్కన ఒక ఇంగ్లండు ముసలావిడ కూర్చుంది. ఒకప్పుడు లండన్ నాటకాల్లో, టీవీలో నటించిందట. ప్రతి పాత్ర గొంతునూ ఇలా ప్రయాణాల్లో కనబడినవాళ్ళ దగ్గరే తీసుకున్నానంది. వేషాలు ఆగిపోయినా ఆ అలవాటు పోలేదంది.

అంతలో కాకినాడ నుంచి అక్క ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తిన్నానక్కా. ఇక్కడంతా బాగుంది," అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఫోన్ ఒళ్ళో పెట్టుకోగానే ఆవిడ ఆ మాటలే అచ్చం నా గొంతుతో అంది. ఆవిడకి తెలుగు ముక్క రాదు. అయినా నేను దిగమింగిన వణుకు కూడా అందులో ఉంది.

కాల్ ఇంకా కట్ కాలేదు. ఒళ్ళోంచి అక్క గొంతు వినిపించింది.

"ఎందుకే ఏడుస్తున్నావు?"